చైనా రాజవంశాల ఉత్థాన పతనాలు

(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



తెలుగువారి పండుగలో చైనా చక్రవర్తుల ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన తాతముత్తాతలు ఈ మలేసియా నేలమీద, రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో అడుగుపెట్టిన నాటినుంచీ మనకు ఇరుగు పొరుగు మలయులు, చైనీయులు. చైనీయుల కొట్లో అరువు తెచ్చుకున్నాం. వారి కొత్త సంవత్సరానికి కమలాపండ్లు అందుకున్నాం, మన దీపావళికి జంతికలు పంపించాం. ఇన్ని తరాల పొరుగులో వారి చరిత్ర మనకు తెలిసింది ఎంత? పిల్లల పుస్తకంలో పది పన్నెండు వంశాల పేర్లు, పక్కన సంవత్సరాలు. పరీక్ష రాసిన మర్నాడే అవి మరుపున పడిపోతాయి. పిల్లల తప్పు కాదు. పేర్ల జాబితా ఎవరికి మాత్రం గుర్తుంటుంది?

సంఘం గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చునే మేము కొందరం కలిసి ఆ చరిత్ర చదివాము. చదివినదంతా చెప్పబోతే వంటశాలలో అన్నం చల్లారిపోతుంది. కనుక రెండే రెండు ప్రశ్నలు మీ ముందు పెడతాం. అంతంత పెద్ద ఇళ్ళు ఎలా కూలాయి? కూలినప్పుడు వాటితోబాటు పోయింది ఏమిటి, పోనిది ఏమిటి?

వంశాలు పోయినా వాటి పేర్లు మన చెవిన పడుతూనే ఉన్నాయి. చైనీయులు తమ జాతిని 'హాన్' అంటారు. అది క్రీ.పూ. 202లో గద్దెనెక్కిన వంశం పేరు. దక్షిణ చైనానుంచి వచ్చిన కాంటనీస్, హొక్కియన్ పెద్దలు తమను 'తాంగ్ మనుషులం' అని చెప్పుకుంటారు. అది 618లో మొదలైన వంశం. మనం అనే 'చీనా' అన్న మాట కూడా 'చిన్' అనే మొట్టమొదటి సామ్రాజ్య వంశం పేరునుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 221లో చిన్ షి హువాంగ్ దేశాన్ని ఏకం చేసిననాటినుంచి, 1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ళ పూయీ పేరుమీద రాజ్యత్యాగ పత్రం వెలువడిన నాటివరకు రెండువేల నూటముప్పై ఏళ్ళ పైమాటే.

ఆ వంశాలన్నిటికీ ఆధారం ఒక నమ్మకం. దాన్ని వారు 'థియెన్ మింగ్' అంటారు, అంటే స్వర్గం ఇచ్చిన ఆజ్ఞ. క్రీ.పూ. 11వ శతాబ్దంలో చౌ వంశంవారు షాంగ్ వంశాన్ని కూలదోసినప్పుడు ఈ మాట పుట్టింది. మన రాజులు సూర్యవంశమనీ చంద్రవంశమనీ పుట్టుకను చూపించుకున్నారు. చైనాలో పుట్టుక ఒక్కటే చాలలేదు. ధర్మం తప్పితే స్వర్గం తన ఆజ్ఞను వెనక్కి తీసుకుంటుంది, వేరే ఇంటికి ఇస్తుంది. వరదలు, కరువులు, భూకంపాలు దానికి గుర్తులు. అందుచేత అక్కడ బిచ్చమెత్తినవాడు కూడా చక్రవర్తి కావచ్చు, అయ్యాడు కూడా. ఓడినవాడు తిరుగుబాటుదారు, గెలిచినవాడు స్వర్గపుత్రుడు. గెలిచినవాడి జాతకం ఎప్పుడూ మంచిదేనని మా మిత్రులొకరు నవ్వుతూ అన్నారు.

అయితే స్వర్గం మాట పక్కనబెట్టి లెక్కల పుస్తకాలు చూస్తే, ప్రతి పతనంలోనూ మాకు కనిపించినవి మూడే: ధాన్యం, జీతం, పన్నుల పట్టిక.

చిన్ వంశం సంగతి చూడండి. దేశమంతటికీ ఒకే లిపి, ఒకే తూకం, ఒకే కొలత, చివరికి బండి చక్రాల మధ్య ఎడం కూడా ఒకటే చేసిన ఘనులు. పదిహేనేళ్ళు నిలవలేదు. క్రీ.పూ. 209లో సరిహద్దు కాపలాకు 900 మంది రైతులను తోలుకుపోతుంటే దారిలో కుండపోత వాన పట్టుకుంది. గడువు దాటిపోయింది. ఆలస్యానికి శిక్ష మరణం, తిరుగుబాటుకూ శిక్ష మరణమే, అలాంటప్పుడు తిరగబడితే పోయేదేముందని చెన్ షెంగ్, వూ గువాంగ్ అనే ఇద్దరు తక్కినవారిని లేవదీశారట. ఇది హాన్ కాలపు మహా చరిత్రకారుడు స్సుమా చియెన్ రాసిన కథ. 1975లో హుబెయ్ రాష్ట్రంలో చిన్ కాలపు చిన్న అధికారి సమాధి ఒకటి బయటపడింది. అందులో వెదురు బద్దలమీద రాసిన చట్టాలున్నాయి. వాటి ప్రకారం వెట్టిపనికి ఆలస్యంగా వస్తే జరిమానా మాత్రమే, వాన పడితే అదీ లేదు. సైనికుల కాపలాకు వేరే నియమం ఉండి ఉండవచ్చునని కొందరంటారు. ఏమైనా, కూలిన ఇంటి కథను తర్వాతి ఇల్లు చెప్పినప్పుడు ఉప్పూ కారమూ కాస్త ఎక్కువే పడతాయి. చైనా చరిత్ర చదివేవారు ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోవాలి.

ఆ గందరగోళంలో పైకి వచ్చినవాడు లియూ బాంగ్. రైతు కుటుంబంలో పుట్టి ఊరి ఠాణాలో చిన్న ఉద్యోగం చేసినవాడు. ఖైదీలను పనికి తీసుకుపోతుంటే సగంమంది పారిపోయారు. ఎటూ శిక్ష తప్పదని మిగిలినవారినీ వదిలేసి తానూ అడవి పట్టాడు. అతడే హాన్ వంశ మూలపురుషుడు. నడుమ కొద్ది ఏళ్ళ విరామం తప్ప ఆ వంశం 400 ఏళ్ళు నడిచింది. క్రీ.శ. 2వ సంవత్సరంలో వారు వేయించిన జనాభా లెక్క ఈనాటికీ ఉంది. కోటీ 22 లక్షల ఇళ్ళు, ఆరు కోట్లకు కొంచెం తక్కువ జనం. మనిషి మనిషినీ లెక్క రాసిన చేయి అది. ఆ పట్టికే వారి బలం. పెద్ద భూస్వాములు రైతులను తమ కిందికి లాక్కొని పట్టికనుంచి తప్పిస్తూ పోయేకొద్దీ ఖజానా చిక్కిపోయింది. 220లో ఆ ఇల్లూ ముగిసింది.

ఆ తరువాత మూడున్నర శతాబ్దాలకు పైగా దేశం ముక్కలు చెక్కలు. 589లో స్వీ వంశం మళ్ళీ కలిపింది. ఉత్తర దక్షిణాలను కలుపుతూ మహా కాలువ తవ్వించి, కొరియామీద ఒకదాని వెంట ఒకటి దండయాత్రలు చేసి, జనాన్ని పిండి పిప్పిచేసి 618లో కూలింది. వారు తవ్విన కాలువమీద ధాన్యం తెప్పించుకు తిన్నవారు తర్వాతి తాంగ్ వంశంవారు.

తాంగ్ కాలం దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. ఏడవ శతాబ్దంలో వారి రాజధాని చాంగాన్ నుంచి బయలుదేరిన హుయాన్‌త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు మన ఆంధ్రదేశానికి వచ్చాడు. వేంగిని చూశాడు, ధాన్యకటకంలో కొన్ని నెలలుండి శాస్త్రం చదువుకున్నాడు. 645లో తిరిగి వెళ్ళి చక్రవర్తి కోరికమీద తాను చూసిన దేశాల వృత్తాంతం రాయించాడు. ఆంధ్రుల మాట మధ్యదేశపు మాటకు భిన్నంగా ఉందనీ, అక్షరాలు మాత్రం చాలావరకు ఒకే తీరులో ఉన్నాయనీ అందులో ఉంది. నన్నయకు నాలుగు వందల ఏళ్ళ ముందు, మన మాట వేరే మాట అని ఒక చైనా యాత్రికుడు చెవిన వేసుకొని తన దేశంలో రాసిపెట్టాడన్నమాట. ఆ వంశం పోయింది, ఆ పుస్తకం ఉంది.

755లో ఆన్ లూషాన్ అనే సేనాపతి తిరగబడ్డాడు. సరిహద్దు సైన్యాలు మూడు అతడి ఒక్కడి చేతిలో పెట్టడం తాంగ్ చక్రవర్తి చేసుకున్న పొరపాటు. ఎనిమిదేళ్ళ యుద్ధం జరిగింది. తిరుగుబాటు నాటికి పన్నుల పట్టికలో అయిదుకోట్ల పైచిలుకు జనం ఉంటే, 764లో కోటీ 70 లక్షలే కనిపిస్తారు. తక్కినవారంతా చనిపోయారని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. అది సరికాదు. చనిపోయినవారు లక్షలమందే, కాని అంతకంటె ఎక్కువమంది ఊళ్ళు వదిలి పోయారు. వారి పేర్లు రాసే గుమాస్తాలూ పోయారు. తాంగ్ ఇల్లు ఆ దెబ్బతో కూలలేదు. మరి నూటయాభై ఏళ్ళు ఈడ్చింది. చివర్లో పరీక్ష తప్పిన ఉప్పు వ్యాపారి హువాంగ్ చావ్ చాంగాన్‌ను పట్టుకున్నాడు. 907లో కథ ముగిసింది. పరీక్ష తప్పినవారి కోపం ఆ దేశ చరిత్రలో చిన్న విషయం కాదు, దాని మాట మళ్ళీ వస్తుంది.

సుంగ్ వంశం 960లో వచ్చింది. మొదటి చక్రవర్తి తానే సేనాపతిగా ఉండి గద్దె ఎక్కినవాడు కనుక, తన సేనాపతులను విందుకు పిలిచి, భూములూ పింఛనులూ ఇచ్చి, కత్తులు దింపించాడు. ఆనాటినుంచి అక్కడ కలంవారిది పైచేయి. కాగితపు డబ్బు, అచ్చు పుస్తకాలు, దిక్సూచి పెట్టుకు నడిచే ఓడలు, అన్నీ వర్ధిల్లిన కాలం. ఉత్తరాన ఉన్న లియావ్ రాజ్యానికి 1005 ఒప్పందం ప్రకారం ఏటా వెండీ పట్టూ ఇచ్చి శాంతి కొనుక్కున్నారు. పిరికితనమని చాలామంది ఎగతాళి చేస్తారు. యుద్ధానికి అయ్యే ఖర్చులో అది చిన్న పిసరు, మాకైతే తెలివైన బేరంగానే తోచింది.

ఈ సుంగ్ కొలువుకు 1077లో చోళ రాజ్యంనుంచి 72 మంది రాయబారం వెళ్ళింది. ఏనుగు దంతాలు, కర్పూరం, పన్నీరు, ఇంగువ, లవంగాలు కానుకలుగా పట్టుకెళ్ళారు, బదులుగా 81,800 దండల రాగి నాణేలు తెచ్చుకున్నారు. అప్పుడు చోళ సింహాసనంమీద ఉన్నవాడు కులోత్తుంగ చోళుడు. ఆయన ఎవరనుకున్నారు? మన రాజమహేంద్రవరంలో నన్నయగారిచేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుని కుమారుడు. ఆ ఓడలు నడిచింది మనం నివసించే ఈ జలసంధి దారినే.

ఉత్తర సగం 1127లో పోయింది. దక్షిణ సగం కూడా మంగోలుల చేతిలో పోయిన తీరు విషాదం. 1279లో కాంటన్ దక్షిణ తీరాన జరిగిన ఓడల యుద్ధంలో ఓటమి ఖాయం కాగానే మంత్రి లూ షియూఫూ ఎనిమిదేళ్ళయినా నిండని చక్రవర్తిని వీపున కట్టుకొని సముద్రంలో దూకాడు.

మంగోలుల యువాన్ వంశం ఒక శతాబ్దం కూడా పూర్తిగా ఏలలేదు. 1344లో హొయాంగ్‌హో నది కట్టలు తెంచుకుంది. అదే ఏడు కరువూ అంటువ్యాధీ వచ్చి ఒక పేద రైతు ఇంట తల్లి, తండ్రి, పెద్దకొడుకు కొన్ని రోజుల తేడాలో పోయారు. మిగిలిన పదహారేళ్ళ కుర్రవాడు బౌద్ధ మఠంలో చేరాడు. మఠంలోనూ గింజలు లేక భిక్షాపాత్ర ఇచ్చి బయటికి పంపారు. 1368లో ఆ కుర్రవాడే నాన్‌జింగ్‌లో మింగ్ వంశ ప్రథమ చక్రవర్తి అయ్యాడు. పేరు చూ యువాన్‌చాంగ్.

మింగ్ వారి పేరు వినగానే మనకు మలాకా గుర్తుకు వస్తుంది. 1405 మొదలు 1433 వరకు నౌకాధిపతి చెంగ్ హో ఏడుసార్లు పెద్ద నౌకాదళంతో ఈ సముద్రాలు తిరిగాడు. మలాకా స్థాపకుడు పరమేశ్వర 1411లో స్వయంగా మింగ్ కొలువుకు వెళ్ళివచ్చాడు. ఇది మన పిల్లలు బడిలో చదువుతున్నదే కనుక ఇంతటితో వదిలి, ఆ వంశం కూలిన తీరు కొంచెం తీరికగా చెబుతాం. చైనా పతనాల్లో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

మొదటి చక్రవర్తి ఆకలి ఎరిగినవాడు. తన సంతానం ఎన్నడూ ఆకలి ఎరగకూడదని, వంశంలో పుట్టిన ప్రతి మగవాడికీ తరతరాలా ధాన్యం భత్యం ఏర్పాటు చేశాడు. వారు ఏ పనీ చేయకూడదు, వ్యాపారం కూడదు, తినడం ఒక్కటే పని. రెండు వందల ఏళ్ళలో ఆ కుటుంబం వేలకువేలుగా పెరిగింది. 1562లో ఒక అధికారి లెక్క తీసి చూపించాడు. ఏటా రాజధానికి వచ్చే పన్ను ధాన్యం 40 లక్షల కొలతలు, రాకుమారులకు ఇవ్వవలసిన భత్యం 85 లక్షల కొలతలు. వచ్చే గింజలన్నీ పోసినా సగం కూడా తీరదు. మన పెద్దలు చెప్పే ఉమ్మడి కుటుంబం కథలాగే ఉంది కదా, సంపాదించేవాడు ఒకడు, పీట వేసుకు కూర్చునేవారు ఇరవైమంది!

పన్నులు వెండిలో కట్టాలన్న పద్ధతి అప్పటికి స్థిరపడింది. ఆ వెండి జపాన్ గనులనుంచి, అమెరికా ఖండపు స్పానిష్ గనులనుంచి మనీలా మీదుగా వచ్చేది. రైతు పండించేది ధాన్యం, కట్టవలసింది వెండి. వెండి ధర పెరిగితే, వాన పడినా పడకపోయినా, రైతుకు పన్ను పెరిగినట్టే. ఈశాన్యాన మంచూలతో యుద్ధానికి అదనపు పన్నులు వచ్చిపడ్డాయి. 1620ల చివర షెన్సీ ప్రాంతంలో వరుసగా కరువులు.

ఖర్చు తగ్గించాలని 1629లో కొలువు ఒక నిర్ణయం చేసింది. దేశమంతటా ప్రభుత్వ తపాలా మజిలీలుండేవి, వాటిలో గుర్రాలు, వాటిని నడిపే నౌకర్లు. చాలా మజిలీలు మూసివేశారు. కాగితంమీద మంచి పొదుపే. కాని షెన్సీలో ఉద్యోగం పోయినవారికి చేయడానికి వేరే పని లేదు, తినడానికి పంట లేదు, చేతనైనది గుర్రపుస్వారీ. అలా వీధిన పడ్డవారిలో లీ త్సుచెంగ్ అనే ఇరవై మూడేళ్ళ యువకుడు ఒకడని చరిత్రకారులు రాశారు. జీతాలు అందని సరిహద్దు సైనికులు కూడా వచ్చి కలిశారు. పదిహేనేళ్ళు తిరిగి తిరిగి, 1644 ఏప్రిల్ 25న అతడు బీజింగ్‌లో ప్రవేశించాడు.

అంతకు కొద్ది వారాల ముందు చుంగ్‌చెన్ చక్రవర్తి, సైన్యానికి జీతాలివ్వడానికి చందాలిమ్మని మంత్రులనూ చుట్టాలనూ బతిమాలుకున్నాడు. అందరూ లేదన్నారు. పిల్లనిచ్చిన మామగారే బీద అరుపులు అరిచి ఏదో కాస్త విదిలించాడు. తర్వాత లీ సైనికులు వారందరి ఇళ్ళలోనూ గోతాలకొద్దీ వెండి తవ్వి తీశారు. ఆఖరి తెల్లవారుజామున చక్రవర్తి కొలువు గంట మోగిస్తే ఒక్కరూ రాలేదంటారు. కోట వెనకనున్న కొండమీదికి నడిచివెళ్ళి చెట్టుకు ఉరివేసుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. తెల్లవారకముందే లేచి పనిచేసిన మనిషి. తన తాత వాన్లీ చక్రవర్తి ఏళ్ళ తరబడి కొలువుకే రాక పోగుచేసిన నిర్లక్ష్యానికి మనవడు వడ్డీతో చెల్లించాడు.

లీ త్సుచెంగ్‌కు దక్కింది ఆరు వారాలు. సరిహద్దు సేనాపతి వూ సాన్‌గ్వీ మహాకుడ్యం ద్వారం తెరిచి మంచూలను లోపలికి రానిచ్చాడు. వారు వచ్చింది మింగ్ చక్రవర్తి పగ తీర్చడానికని చెప్పారు. 1912 దాకా వెళ్ళలేదు.

మంచూల చింగ్ వంశం చైనా చరిత్రలో పెద్ద రాజ్యాల్లో ఒకటి. 1645లో ప్రతి మగవాడూ ముందు తల గొరిగించుకొని వెనక జడ వేసుకోవాలని శాసించారు, కాదంటే తలే పోయేది. మన పాత ఫోటోల్లో పేరాక్ తగరపు గనుల చైనా కూలీల వీపున కనిపించే జడ ఆ శాసనం ఆనవాలు. శాంతి నెలకొని, చిలగడదుంప, మొక్కజొన్న కొండ నేలల్లోకి పాకి, 1700 ప్రాంతంలో 15 కోట్లున్న జనాభా 1850 నాటికి 40 కోట్లు దాటింది. అధికారుల సంఖ్య మాత్రం అంతే ఉంది. చదువుకొని పరీక్షలు రాసేవారు లక్షలు, ఉద్యోగాలు వందలు. పరీక్ష నాలుగుసార్లు తప్పిన హుంగ్ షియూచ్వాన్ 1851లో 'తైపింగ్' రాజ్యం ప్రకటించాడు. 1864లో అది అణగేలోపల రెండుకోట్ల మందైనా చనిపోయి ఉంటారని అంచనా. 'తైపింగ్' అంటే మహాశాంతి! అవే రెండు అక్షరాలు 1874లో మన పేరాక్ రాష్ట్రంలో ఒక పట్టణానికి పేరయ్యాయి. దానికీ ఈ తిరుగుబాటుకూ సంబంధం లేదు. గని పాళెగాళ్ళ తగవులు తీరిన సందర్భంగా పెట్టుకున్న పేరు అది.

బెంగాల్ నల్లమందు, ఇంగ్లీషువారి ఫిరంగులు, ఓటముల నష్టపరిహారాలు మీకు తెలిసినవే. అంతగా తెలియనిది ఒకటుంది. 1876 నుంచి 1879 వరకు ఉత్తర చైనాలో వచ్చిన కరువులో దాదాపు కోటిమంది పోయారు. అదే 1876–78లో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టిన మహా కరువు మన వైపు వచ్చింది. పసిఫిక్ సముద్రజలాలు వేడెక్కడంవల్ల రెండు దేశాల్లోనూ వానలు ఒకేసారి తప్పాయని ఈనాటి శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ శతాబ్దపు కరువులూ అప్పులూ వారినీ మననీ ఓడలెక్కించి ఈ ఒక్క రేవుకే చేర్చాయి. మన వాళ్ళను పంపడానికి ఒక ప్రభుత్వం కాగితాలు రాసుకుంది. వారి ప్రభుత్వమైతే దేశం విడిచినవాడిని ద్రోహిగా ఎంచింది, ఆ పాత చట్టం 1893లో గాని పోలేదు.

అలా వదిలివేసిన వారే ఆ ఇంటి పతనంలో చేయి వేశారు. 1910 నవంబరులో సన్ యాట్‌సెన్ మన పినాంగులో అనుచరులను సమావేశపరిచి కాంటన్ తిరుగుబాటుకు చందాలు పోగుచేశాడు. 1911 ఏప్రిల్‌లో అది విఫలమైంది. చనిపోయినవారిలో మలయానుంచి వెళ్ళినవారూ ఉన్నారు. అక్టోబరు 10న వూచాంగ్‌లో సైనికులు లేచారు. నాలుగు నెలల్లో రెండువేల ఏళ్ళ వ్యవస్థ కాగితంమీద ఒక ముద్రతో ముగిసింది.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇన్ని ఇళ్ళు కూలినా పోనిది ఏమిటి? మొదటిది లిపి. కాంటన్‌వాడూ బీజింగ్‌వాడూ ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఒకే కాగితం చదవగలరు. రెండవది పరీక్ష. స్వీ కాలంలో మొదలై 1905లో రద్దయ్యేవరకు 1300 ఏళ్ళు గెలిచినవారూ ఓడినవారూ అదే పుస్తకాలు వల్లించారు. మూడవది చరిత్ర రాసే అలవాటు. గెలిచిన ప్రతి ఇల్లూ ఓడిన ఇంటి చరిత్ర రాయించింది. మింగ్ వారి చరిత్రను చింగ్ కొలువు 1645లో మొదలుపెట్టి 1739లో ముగించింది. మన ప్రత్యేక సంచికలు ఆలస్యమవుతున్నాయని విసుక్కునేవారు ఇది గమనించగోరుతాం.

మరి పోయినది? దీనికి మంచూలే సాక్ష్యం. వారికి సొంత భాష ఉంది, 1599లో ఏర్పరచుకున్న సొంత లిపి ఉంది. పూర్వం వారి జాతివారే చిన్ అనే మరో రాజ్యం ఉత్తర చైనాలో ఏలి, మాటా ఆచారమూ మరచి కలిసిపోయారు. ఆ సంగతి వారికి బాగా తెలుసు. 1636లో వారి చక్రవర్తి హుంగ్ తైజీ ఆ పాత చరిత్రను కొలువులో చదివించి, మీరు అలా కాకండని హెచ్చరించాడు. తరువాత చియెన్‌లుంగ్ చక్రవర్తి మంచూ మాట్లాడలేని ఉద్యోగులను చీవాట్లు పెట్టాడు. ఆయన కాలంలోనే మంచూతో కలిపి అయిదు భాషల నిఘంటువు తయారైంది. రాజ్యం వారిది, ఖజానా వారిది, ఆజ్ఞలు ఆ భాషలోనూ వెలువడేవి. అయినా ఇళ్ళలో చైనా భాష వచ్చి కూర్చుంది. ఆఖరి చక్రవర్తి పూయీ ఏళ్ళ తరబడి మంచూ పాఠాలు చెప్పించుకొని, తనకు వచ్చినది ఒక్క మాటేనని ఆత్మకథలో రాసుకున్నాడు. ఎదుట మోకరిల్లిన వారిని లేవండి అనే మాట అది. ఈనాడు చైనాలో మంచూలమని రాయించుకునేవారు కోటికి పైగా ఉన్నారు. పుట్టినప్పటినుంచి ఆ మాట ఆడినవారు ఈశాన్యపు పల్లెల్లో కొద్దిమంది ముసలివారే.

అయితే అది పూర్తిగా పోలేదు, మేము చెప్పదలచిన ముఖ్య సంగతి ఇదే. 1764లో చియెన్‌లుంగ్ చక్రవర్తి, కొత్తగా గెలిచిన పడమటి సరిహద్దు ఈలీ లోయకు కాపలాగా, ఈశాన్యపు షెన్‌యాంగ్ ప్రాంతంనుంచి సిబో అనే తెగవారిని పంపాడు. వెయ్యిమంది సైనికులు, పెళ్ళాం బిడ్డలతో కలిసి మూడువేల పైచిలుకు. ఏడాదికి పైగా ఎడ్లబండ్లమీద మంగోలియా మీదుగా నడక. దారిలో పురుళ్ళు వచ్చాయి. వెళ్ళినవారు తిరిగి రాలేదు. ఎనిమిది ఊళ్ళుగా దగ్గరదగ్గరగా ఇళ్ళు కట్టుకున్నారు. 1802 నుంచి ఆరేళ్ళు కష్టపడి ఈలీ నదినుంచి కాలువ తవ్వుకున్నారు. వారి మాట మంచూకు అతి దగ్గరిది, లిపి మంచూ లిపే. తాము బయలుదేరిన రోజును, నాలుగవ చాంద్రమాసం 18వ తేదీని, ఏటా పండుగ చేసుకుంటారు.

సిబోల్లో మూడింట రెండు వంతులమంది ఇప్పటికీ స్వస్థలమైన లియావోనింగ్‌లోనే ఉన్నారు. వారికి ఆ భాష రాదు. ఈనాటికీ మాట్లాడేది, రాసేది, ఆ భాషలో వార్తాపత్రిక నడిపినది, అంత దూరం పోయినవారి పిల్లలు, కొన్ని వేలమంది. వారి ఊళ్ళలోనూ పిల్లలు ఇప్పుడు ఎక్కువగా చైనా బడులకే వెళుతున్నారు, అదీ నిజమే. అమ్మమ్మతో ఒక మాట, బడిలో ఒక మాట. మన ఇళ్ళలో జరుగుతున్నది వారికి వివరించనక్కరలేదు.

బీజింగ్‌లోని చారిత్రక భాండాగారంలో చింగ్ వంశపు దస్తావేజులు దాదాపు కోటి ఉన్నాయి. వాటిలో సుమారు 20 లక్షలు మంచూ భాషలో ఉన్నవి. రాజశాసనాలు, యుద్ధ వార్తలు, జీతాల పట్టికలు, ధాన్యం లెక్కలు. రాజుల వారసులు వాటిని చదవలేరు. చదివి చైనా భాషలోకి మార్చేవారు కావలసివచ్చినప్పుడు ఈలీ లోయలోని సిబో పిల్లలను పిలిపించారు. ఆ పనిలో ఇప్పటికీ వారిది పెద్ద చేయి.

పక్క గదిలో గోడమీద ఒక పటం తగిలించాము. చాంగాన్, వేంగి, మలాకా, పినాంగ్, షెన్‌యాంగ్, ఈలీ లోయ ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఉన్నాయి. షెన్‌యాంగ్ నుంచి ఈలీ దాకా ఒక దారం కట్టాము. పిల్లలు కొలిచి చూడవచ్చు. పేర్లు తెలుగులో రాశాము, చదవడం రానివారికి పక్కన నిలబడి చదివి వినిపించడానికి మాలో ఇద్దరం అక్కడే ఉంటాము.